పందెం కాయని పాఠకుడికి పోకరు గ్రంథాలు

టోర్నమెంటు పోకరు నేర్చుకోదలచిన వారికి ఏ వ్యూహగ్రంథం తగినదన్న ప్రశ్నకు సాధారణంగా నాలుగైదు పేర్ల జాబితాయే సమాధానంగా లభిస్తుంది. అయితే ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల పాఠకుని దృష్టితో ఆ ప్రశ్నను పరిశీలించినప్పుడు, అతడు పందెం కాయడాన్ని చట్టం అనుమతించని చోట నివసిస్తున్నాడన్న వాస్తవం, పేకముక్కలతోను పందెంకోళ్లతోను ఆ ప్రాంతానికి ఉన్న పాత పరిచయం, పుస్తకాలు వెలువడిన కాలాల మధ్య ఆట మారిపోయిన తీరు కలిసి ఆ జాబితాను తలకిందులు చేస్తాయి. డబ్బు గెలవడం కోసం చదివేవాడికి ఉత్తమమైన పుస్తకం, అనిశ్చితిలో నిర్ణయం తీసుకునే విద్యను నేర్చుకోవడం కోసం చదివేవాడికి కూడా ఉత్తమమైనదే కానవసరం లేదు. ఈ సమీక్ష రెండవ పాఠకుని కోసం ఉద్దేశించినది.

చట్టం సంగతి మొదటే తేల్చుకోవడం మంచిది. ఉమ్మడి రాష్ట్రంలో 1974లో వచ్చిన గేమింగ్ చట్టం జూదగృహాలను నిషేధిస్తూనే నైపుణ్యంపై ఆధారపడిన ఆటలకు మినహాయింపునిచ్చింది. అంతకుముందే, నిజాం కాలపు జూద చట్టం కింద నడిచిన సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు, 1968 నాటిదిగా ప్రసిద్ధమైన తీర్పులో, మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద నడిచేదని, రమ్మీలో మాత్రం పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏ ముక్కను పట్టుకోవాలో దేనిని వదలాలో తేల్చుకోవడం అవసరం కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని నిర్ణయించింది. పోకరు విషయంలో అటువంటి ఏకాభిప్రాయం ఏర్పడలేదు. నాగాలాండు చట్టం దానిని నైపుణ్యపు ఆటల పట్టికలో చేర్చగా, గుజరాత్ హైకోర్టు 2017లో అది అదృష్టపు ఆటేనని చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం అదే 2017లో తన చట్టాన్ని సవరించి, నైపుణ్యపు ఆటపైనైనా సరే డబ్బు ఒడ్డడాన్ని నేరంగా మార్చి, ఆన్‌లైన్ ఆటలను కూడా ఆ పరిధిలోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యం, అదృష్టం అన్న భేదం లేకుండా డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన తరువాత భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగలగా, దానిని ఆనుకొని ఉన్న ఎటపాక పొరుగు రాష్ట్రంలోకి వెళ్లింది; పోకరు పందెం విషయంలో మాత్రం ఆ సరిహద్దుకు ఇరువైపులా నిషేధమే అమలులో ఉంది.

ఈ నిషేధాల వెనుక ఉన్న బాధ నిజమైనది. ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు రెండు రాష్ట్రాల పత్రికల్లోనూ ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. వ్యూహగ్రంథం చదివినవాడికి ఆ గతి పట్టదన్న భరోసాను ఏ నిజాయితీ గల సమీక్షకుడూ ఇవ్వలేడు. కనుక పందెపు నిధిని ఎలా కాపాడుకోవాలి, ఏకకాలంలో ఎన్ని ఆన్‌లైన్ బల్లల వద్ద ఆడాలి, బలహీనులైన ఆటగాళ్లు ఏ సైట్లలో దొరుకుతారు వంటి అధ్యాయాలతో నిండిన పుస్తకాలు ఇక్కడి పాఠకునికి ఆదిలోనే పక్కన పెట్టవలసినవి. ఈ ఒక్క జల్లెడతోనే 2005 తరువాతి పదేళ్లలో వెలువడిన పోకరు సాహిత్యంలో గణనీయమైన భాగం రాలిపోతుంది. మిగిలేది సంభావ్యత, విలువల లెక్క, ఎదుటివాని మనసును అతని చేతల నుంచి ఊహించడం. వీటికి పందెం అక్కరలేదు.

నేడు టోర్నమెంట్లలో ఎక్కువగా ఆడే పోకరు రూపం టెక్సస్ హోల్డెమ్. అందులో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్య మొదట మూడు, ఆపై ఒకటి, చివరగా మరొకటి చొప్పున అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా తెరుస్తారు. ఈ ఏడింటి నుంచి మేలైన అయిదు ముక్కల కూర్పు ఎవరిదైతే వారిది గెలుపు. ప్రతి దశలోనూ ఆటగాడు చిప్స్ అనే బిళ్లలను ఒడ్డవచ్చు, ఎదుటివాడు ఒడ్డినదానికి సమంగా పెట్టవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. టోర్నమెంటులో అందరూ సమానమైన చిప్స్‌తో మొదలుపెడతారు. చిప్స్ అయిపోయినవాడు నిష్క్రమిస్తాడు. నిర్ణీత వ్యవధికొకసారి, చూడకుండానే పెట్టవలసిన తప్పనిసరి ఒడ్డులు, అంటే బ్లైండ్లు, పెరుగుతూ పోతాయి. చివరి వరకు నిలిచిన కొద్దిమందికే బహుమతులు దక్కుతాయి. చిప్స్‌ను మధ్యలో మార్చుకొని లేచిపోయే వీలు లేదు. టోర్నమెంటుకు ప్రత్యేకమైన వ్యూహమంతా ఈ చివరి నియమం నుంచే పుడుతుంది.

తెలుగు పాఠకునికి ఈ భావం కొత్తది కాదు. 101 పాయింట్ల పూల్ రమ్మీలో, ముక్కలు బాగాలేనప్పుడు మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో డ్రాప్ అయితే 40, పూర్తిగా ఓడితే గరిష్ఠంగా 80 పడతాయి. 101 చేరినవాడు బయటికి వెళతాడు. పది పాయింట్ల మీద ఉన్నవాడు చెడ్డ ముక్కలను నిశ్చింతగా వదులుకోగలడు; 80 దాటినవాడికి డ్రాప్ చేసే దారి మూసుకుపోయి, ఏ ముక్కలు వచ్చినా ఆడక తప్పని స్థితి వస్తుంది. అవే పదమూడు ముక్కలు ఒకనికి వదిలేయదగినవి, మరొకనికి ఆడి తీరవలసినవి కావడానికి కారణం ముక్కల్లో లేదు, స్కోరులో ఉంది. టోర్నమెంటు పోకరు గ్రంథాల సారమంతా ఈ సూత్రాన్ని లెక్కలోకి దించడమే. దీనిని గ్రహించి మొదలుపెట్టే పాఠకుడు, మూడు ముక్కలాట ధైర్యమే పోకరు అనుకొని మొదలుపెట్టేవాని కంటే చాలా ముందుంటాడు.

వ్యూహగ్రంథం అన్న భావనకు కూడా ఈ ప్రాంతంలో పాత ఉదాహరణ ఉంది. సంక్రాంతి రోజుల్లో సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు నుంచి గోదావరి జిల్లాల బరులకు వెళ్లే పందెగాళ్లలో ఇప్పటికీ కుక్కుటశాస్త్రానికి మన్నన ఉంది. కాకి, డేగ, నెమలి, సేతు వంటి రంగుల పేర్లతో కోళ్లను వర్గీకరించి, ఏ వారం, ఏ నక్షత్రం, ఏ జాములో, ఏ దిక్కు నుంచి ఏ రంగు కోడిని వదిలితే దేనిపై గెలుస్తుందో అది పట్టికలుగా చెబుతుంది. వర్గీకరణలోని సూక్ష్మతను, కోళ్ల పెంపకంలో తరాలుగా పోగైన పరిశీలనను చిన్నచూపు చూడనవసరం లేదు. అయితే ఫలాన్ని చెప్పే పట్టికల వెనుక కారణం లేదు. కారణం లేనప్పుడు తప్పును సరిదిద్దుకునే మార్గమూ ఉండదు. డేగ ఓడితే నక్షత్రం తప్పిందనో జాము దాటిందనో చెప్పుకోవచ్చు గాని, పట్టిక తప్పని మాత్రం ఎన్నటికీ తేలదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది అక్షహృదయం, అంటే పాచికల మర్మం తెలిపే విద్య. నన్నయ అరణ్యపర్వంలో తెలుగువారికి అందించిన నలోపాఖ్యానంలో, జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణునికి సారథిగా ఉంటాడు. దారిలో ఒక విభీతక వృక్షాన్ని చూసి ఋతుపర్ణుడు దాని ఆకులనూ కాయలనూ లెక్కించి చెబుతాడు. సంస్కృత భారతం ప్రకారం రెండు కొమ్మల మీది కాయల సంఖ్య 2,095. నలుడు ఆ మాటను నమ్మి ఊరుకోడు. రథం ఆపి, చెట్టును పడగొట్టి, కాయలు లెక్కపెట్టి, సరిపోయిన తరువాతనే తనకు తెలిసిన అశ్వవిద్య అయిన అశ్వహృదయానికి బదులుగా అక్షహృదయాన్ని గ్రహిస్తాడు. విభీతకమంటే తాని చెట్టే. వేదకాలంలో పాచికలుగా వాడినది దాని కాయలనే. భద్రాచలం అడవుల్లో నేటికీ తానికాయలను అటవీ ఫలసాయంగా ఏరుతారు. కొన్ని కొమ్మలను చూసి చెట్టు మొత్తాన్ని అంచనా కట్టే విద్యకూ పాచికల విద్యకూ సంబంధం ఉన్నదని గ్రహించిన ఈ కథను, సంభావ్యతాశాస్త్ర చరిత్రకారుడు ఇయాన్ హాకింగ్ 1975లో తన గ్రంథంలో ప్రత్యేకంగా చర్చించాడు. పోకరు పుస్తకాలను తూచడానికి ఇంతకంటే మంచి త్రాసు అవసరం లేదు: పుస్తకం చెప్పిన లెక్కను పాఠకుడు తానుగా చెట్టు పడగొట్టి సరిచూసుకోగలడా, లేక పట్టికను నమ్మి ఊరుకోవలసిందేనా అన్నదే అసలు ప్రశ్న.

ఆధునిక పోకరు సాహిత్యం 1970ల చివరలో డోయల్ బ్రన్సన్ వెలువరించిన 'సూపర్ సిస్టమ్'తో మొదలైందని చెప్పడం పరిపాటి. 1976, 1977 సంవత్సరాల ప్రపంచ పోకరు సిరీస్ ప్రధాన పోటీలను గెలిచిన బ్రన్సన్, మరి కొందరు నిపుణులతో కలిసి రాయించిన ఆ గ్రంథం, దూకుడుగా ఆడేవాడు ముక్కలు లేకుండానే ఎన్ని గెలుపులు పొందగలడో మొదటిసారి బహిరంగంగా చెప్పింది. దాని చారిత్రక ప్రాముఖ్యం తిరుగులేనిదే అయినా, అందులోని ప్రధాన భాగం ఎప్పుడైనా లేచిపోగల నగదు ఆటకు సంబంధించినది కనుక, టోర్నమెంటు నేర్చుకునేవారికి దానిని మొదటి పుస్తకంగా సూచించడం పొరపాటు. బ్రన్సన్ తన అనుభవం నుంచి తీర్పులిస్తాడు. ఆ తీర్పు ఎందుకు సరైనదో చూపే లెక్క చాలాచోట్ల కనిపించదు.

ఆ లెక్కను అందించినవాడు డేవిడ్ స్క్లాన్‌స్కీ. 1987లో ఈ పేరుతో వచ్చిన 'థియరీ ఆఫ్ పోకర్' ఏ ఒక్క రూపానికీ పరిమితం కాకుండా, ఎదుటివాని ముక్కలు కనిపిస్తున్నట్లయితే ఎలా ఆడేవాడో దానికి భిన్నంగా ఆడిన ప్రతిసారీ ఆటగాడు నష్టపోతాడని, అలా ఎదుటివానిచేత ఆడించిన ప్రతిసారీ లాభపడతాడని ఒక మూలసూత్రాన్ని ప్రతిపాదించి, మిగిలినదంతా దాని చుట్టూ అల్లుతుంది. అందులోని ప్రాథమిక భావం పాట్ ఆడ్స్, అంటే బల్ల మీద ఉన్న మొత్తానికీ ఇప్పుడు పెట్టవలసిన మొత్తానికీ ఉన్న నిష్పత్తి. బల్ల మీద 200 ఉండగా ఎదుటివాడు 100 ఒడ్డితే, 100 పెట్టి 300 గెలిచే అవకాశం వస్తుంది. నాలుగింట ఒకసారి, అంటే 25 శాతం గెలిచినా నష్టం లేదు. చేతిలోను బల్ల మీదను కలిపి నాలుగు ఇస్పేట్లుండి, ఇంకొక్క ముక్క మాత్రమే రావలసి ఉన్నప్పుడు, కనిపించని 46 ముక్కల్లో పనికివచ్చే ఇస్పేట్లు 9, అంటే 19.6 శాతం. తరువాత అదనంగా రాబట్టగలిగేదేమీ లేకపోతే ముక్కలు వదిలేయాలి. ఎవరైనా పేకకట్ట ముందు పెట్టుకొని ఒక సాయంత్రంలో సరిచూసుకోగల లెక్క ఇది. అందుకే ఈ పుస్తకం వెలువడి దశాబ్దాలు గడిచినా దాని మొదటి అధ్యాయాలు పాతబడలేదు.

టోర్నమెంటునే విషయంగా తీసుకొని స్క్లాన్‌స్కీ 2002లో రాసిన పుస్తకంలో ప్రసిద్ధమైనది అంతరం అన్న భావన: తానే ముందుగా పందెం తెరవడానికి అవసరమైన ముక్కల కంటే, ఇప్పటికే తెరిచినవాని మీద ఆడటానికి మరింత మేలైన ముక్కలు కావాలి. సూత్రం సరైనదే గాని, ఆ గ్రంథం వాక్యాలు బిగుతుగా ఉండి, అప్పటికే ఆడటం తెలిసినవారిని ఉద్దేశించి సాగుతాయి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే సామాన్య ఖాతాల ఉద్యోగి ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వచ్చి 839 మందిలో ప్రధాన పోటీని గెలవడంతో, మరుసటి ఏడాది ఆ పోటీదారుల సంఖ్య 2,576కు పెరిగింది. ఇలా వెల్లువెత్తిన కొత్తవారికి తగిన బోధకుడు అవసరమయ్యాడు.

ఆ స్థానాన్ని భర్తీ చేసినది డాన్ హారింగ్టన్ రచన 'హారింగ్టన్ ఆన్ హోల్డెమ్'. 1995లో ప్రధాన పోటీని గెలిచిన హారింగ్టన్, మనీమేకర్ గెలిచిన 2003లో మూడవ స్థానంలోను, పోటీదారులు మూడింతలైన 2004లో నాలుగవ స్థానంలోను నిలిచాడు. అతని సహరచయిత బిల్ రాబర్టీ బ్యాక్‌గామన్ ఆటలో రెండుసార్లు ప్రపంచ విజేత. 2004 నుంచి 2006 వరకు మూడు సంపుటాలుగా వచ్చిన ఈ రచన బలం దాని అమరికలోనే ఉంది. ప్రతి భావాన్నీ వివరించిన వెంటనే ఒక సమస్య ఇచ్చి, ఎవరి వద్ద ఎన్ని చిప్స్ ఉన్నాయో, ఎవరు ఎలా ఆడుతూ వచ్చారో చెప్పి, నిర్ణయాన్ని పాఠకునికి విడిచిపెట్టి, ఆ తరువాతనే జవాబును కారణాలతో సహా చర్చిస్తుంది. రాబర్టీ రాత సరళమైనది, వాక్యాలు చిన్నవి. ఇంటర్మీడియట్ స్థాయి ఆంగ్లం వచ్చిన కొత్తగూడెం, పాల్వంచ విద్యార్థి నిఘంటువు సాయం పెద్దగా లేకుండానే చదువుకోగలడు. ఈ సమీక్షలోని గ్రంథాలన్నీ ఆంగ్లంలోనివే కనుక ఇది చిన్న విషయం కాదు.

ఈ రచన ప్రచారంలోకి తెచ్చిన కొలత 'ఎమ్'. బ్యాక్‌గామన్ పండితుడు పాల్ మాగ్రియల్ పేరు మీద వచ్చిన ఈ సంఖ్య, ఆటగాని మొత్తం చిప్స్‌ను ఒక్కో పంపకంలో బల్ల మీదికి తప్పనిసరిగా వచ్చే ఒడ్డుల మొత్తంతో భాగిస్తే వస్తుంది. బ్లైండ్లు 500, 1,000 ఉండి, తొమ్మిది మంది ఒక్కొక్కరు అదనంగా 100 చొప్పున యాంటీ, అంటే ప్రవేశపు ఒడ్డు పెడుతుంటే, ఆ మొత్తం 2,400. చేతిలో 24,000 ఉన్నవాని ఎమ్ 10. అతడు ఏమీ ఆడకుండా కూర్చున్నా పది చుట్లు బతుకుతాడు. 20 దాటితే ఆకుపచ్చ మండలం, అక్కడ ఏ ఎత్తైనా వేయవచ్చు; 10 నుంచి 20 వరకు పసుపు; 6 నుంచి 10 వరకు నారింజ; అంతకు దిగువన ఎరుపు, అక్కడ చిన్న ఒడ్డులకు అర్థం లేదు, ఉన్నదంతా ఒకేసారి ఒడ్డడం లేదా వదిలేయడం మాత్రమే మిగులుతాయి. పూల్ రమ్మీలో 80 దాటినవాని స్థితికి ఇది అచ్చమైన జంట. అయితే హారింగ్టన్ సూచించిన ఆరంభపు ముక్కల ఎంపిక నేటి ఆటకు మరీ బిగుతుగా ఉందన్నది కూడా దాచవలసిన విషయం కాదు. ఆర్నాల్డ్ స్నైడర్, బ్లైండ్లు వేగంగా పెరిగే పోటీల్లో ఆ పది చుట్లు పూర్తికాకముందే కొలత మారిపోతుందని, కనుక పోటీ వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని వాదించాడు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా అది ఎమ్‌ను కొట్టిపారేయదు, సవరిస్తుంది. సవరించడానికి వీలుండటమే పట్టిక కంటే లెక్క గొప్పతనం.

టోర్నమెంటు వ్యూహంలో అత్యంత కీలకమైనదీ, ఎక్కువ పుస్తకాలు పైపైన తేల్చేసేదీ ఐసీఎం, అంటే చిప్స్‌ను బహుమతి విలువగా మార్చే నమూనా. గుర్రప్పందేల్లో రెండు, మూడు స్థానాల సంభావ్యతలకు డేవిడ్ హార్విల్ 1973లో ఇచ్చిన సూత్రంతో దీని గణితం ఒకటే. పోకరుకు దీనిని అన్వయించిన ఘనత 1987లో రాసిన మేసన్ మాల్మత్‌కు దక్కుతుంది. ముగ్గురు మిగిలారని, బహుమతిని 100 భాగాలుగా చేసి మొదటివానికి 50, రెండవవానికి 30, మూడవవానికి 20 ఇస్తారని అనుకుంటే, చిప్స్‌లో సగం ఉన్నవాని వాటా 50 కాదు, లెక్కప్రకారం 38.39 మాత్రమే, 30 శాతం ఉన్నవానిది 32.75; 20 శాతమే ఉన్నవానిది 28.86. ఇప్పుడు సగం ఉన్నవాడు అంతా ఒడ్డితే, 30 శాతం ఉన్నవాడు ఎదురు నిలవాలా? ఓడితే అతడు మూడవవాడై 20 తీసుకుంటాడు, అంటే 12.75 కోల్పోతాడు, గెలిస్తే అతని చిప్స్ 60 శాతమైనా విలువ 41కే చేరుతుంది, అంటే లాభం 8.25. బ్లైండ్లను పక్కన పెడితే, నగదు ఆటలో సగం గెలుపు అవకాశం చాలుతుండగా, ఇక్కడ దాదాపు 61 శాతం ఉంటేనే ఎదురు నిలవాలి. చేతిలో పదుల జత ఉండి ఎదుటివాని వద్ద ఆసు, రాజు ఉన్నాయని తెలిసినా ఆ జతకు 60 శాతం రాదు. గెలిచే అవకాశం సగం కంటే ఎక్కువ ఉన్నప్పటికీ వదిలేయడమే సరైన నిర్ణయం కాగలదన్న ఈ సత్యాన్ని కాగితం మీద పెట్టి చూపని పుస్తకం, టోర్నమెంటు పుస్తకం అన్న పేరుకు అర్హం కాదు.

ఈ విషయంలో హారింగ్టన్ సంపుటాలు కొంత పలుచనివి. కాలిన్ మాష్‌మన్ 2007లో ఒకే బల్ల మీద ముగిసే చిన్న టోర్నమెంట్లపై రాసిన 'సిట్ అండ్ గో స్ట్రాటజీ' ఈ లోటును తీరుస్తుంది. ఇంటి వద్ద తొమ్మిది మంది కూర్చొని ఆడే ఆటకు అది అత్యంత సమీపమైనది కూడా. అదే ఏడాది లీ నెల్సన్, టైసన్ స్ట్రైబ్, కిమ్ లీ కలిసి రాసిన 'కిల్ ఎవ్రీవన్' పైన చెప్పిన నష్టలాభాల నిష్పత్తినే ఒక కొలతగా మార్చి, బహుమతుల అంచున భయం ఎవరి పక్షాన పనిచేస్తుందో వివరిస్తుంది. ఆ పుస్తకం పేరులోని కాఠిన్యం చూసి దానిని వదులుకోవడం నష్టమే. గస్ హాన్సెన్ 2007లో ఆస్ట్రేలియా పోటీని గెలుస్తూ, తాను ఆడిన ముక్కలను చిన్న రికార్డరులో నమోదు చేసుకొని మరుసటి ఏడాది ప్రచురించిన 'ఎవ్రీ హ్యాండ్ రివీల్డ్' చదవడానికి ఉత్కంఠభరితమైనది, కానీ గెలిచిన పోటీ కథ కనుక అందులోని తప్పులు కూడా గెలుపు వెలుగులో ఒప్పులుగా కనిపిస్తాయి. దానిని రెండవ వరుస గ్రంథంగానే చదవాలి.

2015 తరువాత మొత్తం సాహిత్యపు పునాది మారింది. సాల్వర్ అని పిలిచే కంప్యూటరు ప్రోగ్రాములు, రెండు పక్షాలనూ తామే అసంఖ్యాకంగా ఆడించుకొని, ఎదుటివాడు ఎలా ఆడినా నష్టపోని సమతౌల్య వ్యూహాన్ని కనుగొనడం సాధారణమైంది. గణితవేత్త జాన్ నాష్ 1950 నాటి తన డాక్టరేటు సిద్ధాంతవ్యాసంలోనే ముగ్గురాడే సరళమైన పోకరును ఈ భావానికి ఉదాహరణగా తీసుకున్నాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ 2017లో ఇద్దరాడే హోల్డెమ్‌లో నిపుణులను ఓడించగా, 2019లో ప్లూరిబస్ ఆరుగురి ఆటలోనూ ఆ పని చేసింది. అదే 2019లో వచ్చిన మైకేల్ అసెవెడో 'మోడర్న్ పోకర్ థియరీ' ఈ జ్ఞానాన్ని టోర్నమెంట్లకు అన్వయించిన గ్రంథాల్లో ప్రముఖమైనది. ఇందులోని సమాచారం నమ్మదగినది, నేటి ఆటకు సరిపోయేది. అయినా మొదటి పుస్తకంగా దీనిని చేతికివ్వడం హానికరమే. పుటల కొద్దీ రంగురంగుల పట్టికలు, ఏ స్థానంలో ఏ ముక్కలను ఎంత శాతం ఆడాలో చెబుతాయి. ఆ ఫలితాలు గణితం నుంచే పుట్టినా, ఆ గణితాన్ని పాఠకుడు చేతితో సరిచూసుకోలేడు కనుక, పునాది లేని పాఠకుని చేతిలో అవి మళ్లీ రంగులను బట్టి ఫలం చెప్పే పట్టికలుగా మారిపోతాయి. నేటి శిక్షకులు ఎక్కువమంది కొత్త పుస్తకమే మంచి పుస్తకమని చెబుతుండటం వల్ల ఈ హెచ్చరిక అవసరమైంది. ఆండ్రూ బ్రోకోస్ 'ప్లే ఆప్టిమల్ పోకర్' మాత్రం కేవలం ఆసు, రాజు, రాణి అనే మూడు ముక్కలతో ఆడే చిన్న ఆట నుంచి మొదలుపెట్టి, దొంగ పందెం ఎంత తరచుగా వేయాలో పాఠకునిచేతనే కట్టిస్తుంది. సమతౌల్యాన్ని అర్థం చేసుకోవడానికి అసెవెడో కంటే ముందు చదవవలసినది అదే.

ఏ పుస్తకం మంచిదో ఆటలో వచ్చిన గెలుపోటములను బట్టి తేల్చుకోవడం కుదరదన్నది కూడా ఈ ఎంపికలో భాగమే. టోర్నమెంటు చివరికి చేరడానికి అంతా ఒడ్డిన సందర్భాలు అయిదు వచ్చాయని, ప్రతిసారీ 80 శాతం గెలుపు అవకాశంతోనే ఒడ్డాడని అనుకున్నా, అయిదూ గెలిచే సంభావ్యత 33 శాతం దాటదు; అంటే నిర్దోషంగా ఆడినవాడు కూడా మూడింట రెండుసార్లు దారిలోనే ఆగిపోతాడు. పది పోటీల్లో ఓడినవాడు పుస్తకాన్ని మార్చడం, ఒక పోటీ గెలిచినవాడు దానిని వేదంగా భావించడం రెండూ నక్షత్రాన్ని తప్పుపట్టే పందెగాని తర్కానికే చెందినవి. నిర్ణయాన్ని ఫలితంతో కాక ఆ క్షణంలో తెలిసిన సమాచారంతో తూచాలన్న ఈ పాఠాన్ని, వ్యూహగ్రంథం కాకపోయినా మరియా కొన్నికోవా 2020 నాటి 'ద బిగ్గెస్ట్ బ్లఫ్' చక్కగా చెబుతుంది. మనస్తత్వశాస్త్రవేత్త అయిన ఆమె, ఆట ఏమాత్రం తెలియని స్థితి నుంచి ఎరిక్ సైడెల్ వద్ద నేర్చుకున్న తీరు కొత్త పాఠకులకు ధైర్యాన్నిస్తుంది.

వీటన్నిటినీ తూచి చూసినప్పుడు, పందెం లేకుండా నేర్చుకోదలచినవారు ముందుగా స్క్లాన్‌స్కీ 1987 గ్రంథంలోని తొలి అధ్యాయాలను పేకకట్టతో సరిచూసుకుంటూ చదివి, ఆపై హారింగ్టన్ మొదటి రెండు సంపుటాలను ఆరంభపు ముక్కల పట్టికలను పట్టించుకోకుండా, ఎమ్ లెక్కనూ సమస్యల చర్చనూ ప్రధానంగా తీసుకొని చదవడం, తరువాత మాష్‌మన్‌కు, బ్రోకోస్‌కు, చివరగా అసెవెడోకు వెళ్లడం సరైన క్రమం. ఒకే పుస్తకం కొనగలిగినవారికి హారింగ్టన్ రెండవ సంపుటం చాలు. టోర్నమెంటు అసలు స్వభావం అందులోనే ఉంది. మూడవ సంపుటం పూర్తిగా సమస్యల పుస్తకం కనుక దానిని ఒంటరిగా చదవడం కంటే నలుగురైదుగురు కలిసి చదవడం మేలు: జవాబును కాగితంతో కప్పి, ప్రతి ఒక్కరూ తమ నిర్ణయాన్ని, దానికి కారణాన్ని రాసుకొని, చింతగింజలను చిప్స్‌గా పెట్టుకొని అదే సందర్భాన్ని బల్ల మీద ఆడి చూసి, ఆపై పుస్తకపు జవాబుతో పోల్చుకోవాలి. పుస్తకంతో ఏకీభవించని చోట, ఐసీఎం లెక్కను కాగితం మీద వేసి, హారింగ్టన్ తప్పో తమ నిర్ణయం తప్పో తేల్చుకున్న తరువాతనే తదుపరి సమస్యకు వెళ్లాలి.